మాగన్ను వేళ

మెలకువకూ నిద్రకూ నడుమనున్న కొద్దిపాటి కాలానికి తెలుగువాడు ఎన్ని పేర్లు పెట్టుకున్నాడో లెక్కించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కునుకు, తూగు, జోగు, మగత, కునికిపాటు, మాగన్ను - ఇవన్నీ ఒకే అర్థం చెప్పే మాటలు కావు. కూర్చున్నవాని తల ముందుకు వాలి, మళ్ళీ ఉలికిపడి లేవడం కునికిపాటు. జ్వరం తగిలినవానినీ, మందు పుచ్చుకున్నవానినీ కమ్మేది మగత. పడుకున్న పిమ్మట రెప్పలు మూతపడి, వీధిలోని మాట ఇంకా చెవిని పడుతూనే, ఆ మాట ఎవరిదో, ఏ విషయమో తెలియకుండా పోయే స్థితి మాగన్ను. అప్పుడు నిద్రపట్టిందని అనలేము, పట్టలేదనీ అనలేము. ఇన్ని మాటలు పుట్టించిన జాతి ఆ వేళను శ్రద్ధగా గమనించి ఉండాలి గదా!

మన పూర్వులు దీనిని శాస్త్రదృష్టితో కూడ చూచినారు. బృహదారణ్యకోపనిషత్తు పురుషునికి ఇహలోకమనీ పరలోకమనీ రెండు స్థానాలు చెప్పి, ఆ రెంటి నడుమనున్న స్వప్నస్థానాన్ని మూడవదిగా ఎంచి, దానికి సంధ్య అని పేరు పెట్టినది. ఐరోపాలో 1848లో ఆల్ఫ్రెడ్ మోరీ అనే ఫ్రెంచి పండితుడు, నిద్రలోనికి జారే వేళ కళ్ళముందు మెదిలే రూపాలను తన మీదనే పరిశీలించుకొని, వాటిని 'హిప్నగాగిక్' అన్నాడు. నిద్రలోనికి నడిపించేది అని ఆ గ్రీకు మాటల కలయికకు అర్థం. మన సంధ్యకూ, ఆయన మాటకూ మూలమైన అనుభవాలు పొరుగు పొరుగువే.

ఈ వేళ మనిషికి వరాలు కూడ ఇచ్చినది. రసాయన శాస్త్రం చదివే విద్యార్థులకు కెకూలే పేరు తెలుసు. బెంజీను అణువులోని కర్బన పరమాణువులు వలయంగా కూడి ఉంటవని ఆయన 1865లో ప్రకటించినాడు. ఆ ఊహ తనకు ఎట్లా తట్టిందో 1890లో బెర్లినులో జరిగిన సన్మానసభలో ఆయన స్వయంగా చెప్పినాడు. ఘెంటు నగరంలో చలిమంట దగ్గర కుర్చీలో కునికిపాట్లు పడుతూ ఉండగా, కళ్ళముందు పరమాణువులు బారులు తీరి పాములవలె మెలికలు తిరిగినవట. అందులో ఒక పాము తన తోకను తానే నోట కరచుకున్నదట. పగలంతా ఆలోచించి అలసిన బుద్ధికి మాగన్నులో చిక్కు విడిపోయినది.

అయితే ఆ వాకిట నిలిచినవారందరికీ వరాలే దొరకవు. కొందరికి భయం ఎదురవుతుంది. నిద్రపట్టబోతున్న క్షణంలో ఎవరో బావిలోనికి తోసినట్లు ఒళ్ళంతా ఉలికిపడుతుంది. చెవి ప్రక్కన ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. తలలో తుపాకి పేలినట్లు చప్పుడవుతుంది. దీనిని గూర్చి నేను పుస్తకాలు చదివి వ్రాయడం లేదు. ఆ భయంలో నేను కొన్ని వారాలు కాపురం చేసినాను. అందుచేతనే, తెలుగు పాఠాలు చెప్పుకునేవాడు వైద్యవిషయం ఎత్తుకున్నాడేమని పాఠకులు ఆక్షేపింపరని ఆశిస్తున్నాను.

రెండేళ్ళ క్రిందట శ్రావణమాసంలో ఒకనాటి మధ్యాహ్నం అటకమీది పాత పత్రికల కట్ట దింపబోయి, ముక్కాలిపీట మీదనుండి వెనుకకు పడినాను. తల వెనుకభాగం ద్వారబంధానికి కొట్టుకున్నది. ఎంతసేపు తెలివి తప్పిందో నాకు తెలియదు. అరనిమిషం కూడ ఉండదని మా ఇంటివారు అన్నారు. లేచి కూర్చున్న తరువాత చేతిలో ఆ కట్ట ఎందుకున్నదో జ్ఞాపకం రాలేదు. ఆసుపత్రిలో కంటిపాపలలో దీపం వేసి చూచినారు, తేదీ, వారం అడిగినారు, కాళ్ళూ చేతులూ కదలించుమన్నారు, సి.టి. స్కాను తీసినారు. లోపల నెత్తురు చిమ్మలేదనీ, ఎముక చిట్లలేదనీ చెప్పి, రెండు రోజులు విశ్రాంతి తీసుకొమ్మని పంపినారు. అంతటితో గండం గడిచిందనుకున్నాము.

నాలుగవనాటి రాత్రి మాగన్ను పట్టుతున్నది. ఇంతలో నా తల నడిమిని పెద్ద ఇనుపతలుపు ధడాలున మూసినట్లు చప్పుడైనది. దానితో పాటు కళ్ళలో తెల్లని మెరుపు. గుండె దడదడ కొట్టుకుంటుండగా లేచి కూర్చున్నాను.

"ఏమండీ, ఏమైంది?" అని మా ఇంటావిడ లేచినది.

"ఏదో పేలింది. నీకు వినబడలేదా?"

"లేదండీ. వీధిలో కుక్క కూడా అరవలేదు."

ఆమె మాట నాకు ధైర్యం ఇవ్వవలసినది. కాని దిగులు పుట్టించినది. బయట పేలలేదంటే లోపలనే పేలిందన్నమాట! స్కానులో కనబడని నరమేదో తెగిపోయిందని నిశ్చయించుకున్నాను. నొప్పి లేదు, మాట తడబడలేదు, చేయి పడిపోలేదు. ఇవేవీ నాకు సాక్ష్యాలుగా తోచలేదు. తెల్లవారేదాకా దీపం వెలిగించుకొని కూర్చున్నాను.

ఆ తరువాతి రాత్రులను తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది గాని, అప్పుడు నవ్వు రాలేదు. దీపం ఆర్పగానే ఆ చప్పుడు కోసం కాచుకొని ఉండేవాడిని. మణికట్టు మీద వేలు పెట్టి నాడి లెక్కపెట్టుకునేవాడిని. రెప్పలు వాలగానే కాలు గట్టిగా ఝాడించుకొని మెలకువ వచ్చేది. ఒక్కొక్కనాడు మంచం నీళ్ళమీద తేలుతున్నట్లు, నా చేతులు ఏనుగు కాళ్ళంత లావైనట్లు అనిపించేది. పగలు తరగతిలో పద్యం చదువుతూ చదువుతూ పాదం మధ్యలో ఆగిపోయేవాడిని. విద్యార్థులు ఒకరి మొగం ఒకరు చూచుకునేవారు. మతి పోతున్నదేమోనన్న భయం ఇంట్లో కూడ చెప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా మాటలతో బ్రతికినవాడికి ఒక్క మాట నోట రాలేదు.

చివరకు మా ఇంటావిడే నన్ను బలవంతంగా మళ్ళీ వైద్యుని దగ్గరకు తీసుకొని పోయినది. ఆ నరాల వైద్యుడు ఒకప్పుడు నా విద్యార్థి. ఆయన నేను చెప్పినదంతా తొందరపడకుండా విన్నాడు. మళ్ళీ పరీక్ష చేసినాడు. తరువాత అడిగిన ప్రశ్నలు ఇవి: చప్పుడుతో పాటు నొప్పి ఉన్నదా? తెలివి తప్పుతున్నదా? కాళ్ళూ చేతులూ ఆగకుండా కొట్టుకుంటున్నవా? నాలుక కొరుక్కున్నారా? లేచిన తరువాత ఎక్కడ ఉన్నారో తెలియకుండా పోతున్నదా? నిద్రలో తప్ప పగలు ఎప్పుడైనా ఇట్లా జరిగిందా? అన్నిటికీ లేదనే చెప్పినాను. అప్పుడు ఆయన నవ్వి, "మాస్టారూ, మీ తలలో ఏదీ పగలలేదు. దీనికి పేరున్నది; నూరేళ్ళకు పైబడిన చరిత్ర కూడా ఉన్నది," అన్నాడు.

ఆ చరిత్ర ఆయన నాకు సంగ్రహంగా చెప్పినాడు. తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల నరాలకు చికిత్స చేసి పేరుపొందిన సైలస్ వైర్ మిచెల్ అనే వైద్యుడు, నిద్రలోనికి జారే వేళ తలలో తుపాకిమోత, గంటమోత వినబడి ఉలికిపడి లేచేవారిని గూర్చి 1876లో వ్రాసినాడు. కోసివేసిన కాలు ఇంకా ఉన్నట్లే నొప్పిపుట్టడాన్ని వర్ణించి, దానికి ఛాయావయవం అనదగిన పేరు పెట్టినవాడూ ఆయనే. 1988లో పియర్స్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ చప్పుడుకు 'తల ప్రేలుట' అనే అర్థం వచ్చే పేరు వాడినాడు. ఇప్పుడు వైద్యులు దానినే ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్ అంటున్నారు. పేరు వింటే గుండె జారుతుంది. వస్తువు మాత్రం ప్రాణం మీదికి వచ్చేది కాదు. నొప్పి ఉండదు, మెదడుకు హాని చేయదు.

మరి ఎందుకు వస్తున్నది? నిద్ర అంటే దీపం ఆర్పినట్లు ఒక్కసారిగా జరిగే పని అని మనం అనుకుంటాము. అది నిజం కాదు. పెద్ద ఉమ్మడి కుటుంబంలో రాత్రి పడుకునే తీరు జ్ఞాపకం చేసుకోండి. పసివాళ్ళు ముందు పడుకుంటారు. వంటయింట్లో గిన్నెల చప్పుడు ఆ తరువాత ఆగుతుంది. తాతగారి దగ్గు అందరికంటె ఆఖరున వినబడుతుంది. మెదడు కూడ ఇట్లాగే భాగాలు భాగాలుగా పడుకుంటుంది. ఇంద్రియాల వార్తలను పైభాగానికి అందజేసే థాలమస్ అనే కేంద్రం ముందుగా విశ్రమిస్తుందనీ, ఆలోచనకు ఆధారమైన పైపొర కొన్ని నిమిషాల వెనుకగా విశ్రమిస్తుందనీ 2010లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ద్వారపాలకుడు నిద్రపోయినాడు, ఇంటి యజమాని ఇంకా మేలుకొని ఉన్నాడు. బయటినుండి వార్త రానప్పుడు ఆ యజమాని తన ఊహలనే వార్తలుగా గ్రహిస్తాడు. మంచం తేలడం, చేతులు ఉబ్బడం, ఎవరో పిలవడం ఇట్టివే.

మెలకువను నిలిపే యంత్రం మెదడు కాండంలో ఉన్నది. అక్కడి నరాల వల మొత్తం మెదడును మేలుకొలిపి ఉంచుతుందని 1949లో మొరూజీ, మాగూన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నిరూపించినారు. నిద్రవేళ ఆ వల క్రమంగా సద్దుమణగాలి. సద్దుమణిగే క్రమంలో ఎక్కడైనా తడబాటు కలిగి, వినికిడికి సంబంధించిన భాగం ఒక్కసారిగా ఉలికిపడితే తలలో చప్పుడు వినబడుతుందని వైద్యుల ఊహ. కండరాలు సడలే వేళ అట్టి తడబాటే కలిగితే కాలు ఝాడించుకుంటుంది. ఈ రెండవది ఆరోగ్యవంతులలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలిగేదే. అలసట, నిద్రలేమి, కాఫీ, ఆందోళన - వీటివలన అది హెచ్చుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినా ఒళ్ళు కదలక, గుండెలమీద ఎవరో కూర్చున్నట్లుండే అనుభవం కూడ ఈ జాతిదే. కలలు కనే నిద్రలో మనం కల ప్రకారం లేచి పరుగెత్తకుండ కండరాలకు ప్రకృతి వేసే కట్టు, కళ్ళు తెరచిన తరువాత కూడ క్షణకాలం విడకపోవడమే దానికి కారణం. దయ్యం పట్టిందని మన పల్లెలలో ఎందరిని వేపమండలతో కొట్టినారో!

ఇక భయం సంగతి. అపాయం ఎదురైనప్పుడు పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధపడుతుందని వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు 1915లో ప్రకటించిన గ్రంథంలో వివరించినాడు. అడ్రినలిన్ నెత్తురులో కలుస్తుంది, గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుస్తవి, చెవులు రిక్కించుకుంటవి. పెద్దపులి ఎదురైనప్పుడు ఇది ప్రాణం నిలిపే ఏర్పాటు. కాని పడకమీద పులి లేదు. అయినా చప్పుడు వస్తుందేమోనని కాచుకున్నవాడి శరీరం పులి వచ్చినట్లే సిద్ధమవుతుంది. సిద్ధమైన శరీరానికి నిద్ర పట్టదు. పట్టబోయినా మెలకువ యంత్రం సక్రమంగా సద్దుమణగదు, తడబాటు కలుగుతుంది, చప్పుడో ఉలికిపాటో వస్తుంది. వచ్చినది చూచి భయం ఇంకా హెచ్చుతుంది. నేను మణికట్టు మీద వేలు పెట్టుకొని కాచుకొన్న రాత్రులలో ఆ చప్పుడును నేనే పిలుచుకొన్నాను.

అయితే తలకు తగిలిన దెబ్బకు దీనితో సంబంధమే లేదా? ఉన్నది. మన మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. అది కపాలంలో నీటివంటి ద్రవంలో తేలుతూ ఉండటంచేత 50 గ్రాముల వస్తువువలె తేలికగా నిలుస్తుంది. తల ఒక్కసారిగా ఆగినప్పుడు, తిరిగినప్పుడు, తేలుతున్న మెదడు కదలి, దానిలోని సన్నని తంతువులు సాగుతవి. కణాలు పనిచేసే తీరు కొంతకాలం తారుమారవుతుంది. దీనినే కంకషన్ అంటారు. 1971లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు యంత్రంతో మొదటి రోగిని పరీక్షించిననాటి నుండి సి.టి. స్కాను నెత్తుటి గడ్డలను, ఎముక పగుళ్ళను చూపి ఎందరి ప్రాణాలనో నిలిపినది. కాని కణాల పనిలోని తారుమారు ఆ చిత్రంలో కనబడదు. అందుచేత స్కాను బాగుగా ఉన్నా తలనొప్పి, తలతిరుగుడు, చిరాకు, మరపు, వెలుతురు సహించలేకపోవడం, నిద్ర చెడటం, దిగులు కొన్నాళ్ళు ఉండవచ్చును. చాలామందికి ఇవి కొన్ని వారాలలో తగ్గిపోతవి. కొందరికి నెలలు పడుతుంది.

నా విషయంలో దెబ్బ నిద్రను కలతపెట్టినది. కలతనిద్ర మాగన్నులోని తడబాట్లను హెచ్చించినది. తలకు దెబ్బ తగిలిందన్న జ్ఞాపకం ఆ తడబాట్లకు భయంకరమైన అర్థం కట్టినది. ఇందులో ఏది ఎంతవరకు దెబ్బ, ఏది ఎంతవరకు భయం అని గీత గీయడం నా వైద్యునికీ సాధ్యం కాలేదు. గీత గీయవలసిన పనిలేదని ఆయన అన్నాడు.

ఈ తగవు పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిగుండ్లు ప్రక్కన పేలిన ముగ్గురు సైనికులకు జ్ఞాపకం, చూపు, వాసన, రుచి చెడిన వైనాన్ని చార్లెస్ మయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో వ్రాసి, దానిని షెల్ షాక్ అన్నాడు. ప్రేలుడు అదురుకు మెదడు దెబ్బతిన్నదని కొందరు వైద్యులు వాదించినారు. ప్రేలుడు దగ్గర లేనివారికి కూడ ఇవే లక్షణాలు కనబడగా, ఇదంతా మనస్సులోనిదేనని మరికొందరు అన్నారు. రోగికి ఆ వాదంతో ఏమి పని? వాడికి రాత్రి నిద్ర కావాలి. స్కాట్లండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో అట్టివారికి చికిత్స చేసిన రివర్స్ అనే వైద్యుడు ఒక విషయం గమనించినాడు. జరిగినదానిని మరచిపొండి, తలపెట్టకండి అని బంధువులు, వైద్యులు చెప్పిన మాట విని, పగలంతా ఆ తలపును అణచుకొన్నవారికి రాత్రులు మరీ దుర్భరంగా ఉండేవి. భయాన్ని మాటలలో పెట్టి చెప్పుకోగలిగినవారిలో పలువురికి నిద్ర కుదుటపడినది. ఆయన ఈ అభిప్రాయాన్ని 1918లో ప్రకటించినాడు. ఇంట్లో కూడ చెప్పుకోలేక నేను గడిపిన వారాలు దానిని చదివినప్పుడు గుర్తుకు వచ్చినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా వ్యాసం అపకారం చేస్తుంది. తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చేదంతా భయమేనని కొట్టిపారవేయరాదు. తలనొప్పి గంటగంటకు హెచ్చుతున్నా, మాటిమాటికి వాంతులు అవుతున్నా, లేపితే లేవలేని మగత కమ్మినా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదిగా కనబడినా, చేయో కాలో బలహీనపడినా, మూర్ఛ వచ్చినా, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరో నెత్తురో కారినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని పోవాలి. నెత్తురు పలుచబడే మందులు వాడేవారికి, వృద్ధులకు, పసివారికి చిన్నదెబ్బ అయినా చూపించడమే మేలు. నిద్రలో ఒక్క ఉలికిపాటుతో ఆగక కాళ్ళూ చేతులూ లయగా కొట్టుకోవడం, నాలుక కరచుకోవడం, పక్క తడవడం, లేచిన తరువాత అయోమయంగా ఉండటం - ఇవి మూర్ఛ లక్షణాలు కావచ్చును, వైద్యుడే తేల్చాలి. నా వైద్యుడు ముందుగా అడిగినవి ఈ ప్రశ్నలే. అవన్నీ తీరిన తరువాతనే ఆయన నవ్వినాడు. నవ్వు ముందు, పరీక్ష తరువాత అయితే అది వైద్యం కాదు.

ఉపాధ్యాయులకు ఈ విషయంలో బాధ్యత ఎక్కువ. కబడ్డీలోనో క్రికెట్టులోనో తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు, ఆట మానిపిస్తారన్న భయంతో, ఏమీ లేదండీ అని లేచి దుమ్ము దులుపుకుంటాడు. వాడి మాట నమ్మి మళ్ళీ ఆటలోనికి పంపరాదు. మొదటిదెబ్బ మానకముందు తగిలే రెండవదెబ్బ ఎంతో ప్రమాదకరమైనది. ఆనాటికి ఆట మాన్పించాలి. ఇంటికి కబురు పెట్టాలి. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత చదువు కొద్దికొద్దిగా మొదలుపెట్టనివ్వాలి. ఆ వారంలో లెక్క తప్పినా, పాఠం అప్పజెప్పలేకపోయినా సోమరితనమని దండింపరాదు. తలకు దెబ్బ తగిలినవానిని రాత్రంతా నిద్రపోనీయకుండ కూర్చోబెట్టాలన్న నమ్మకం మనలో ఉన్నది. వైద్యుడు చూచి పరవాలేదన్న తరువాత నిద్ర వానికి మేలే చేస్తుంది. ఎప్పుడు లేపి చూడాలో, చూడనక్కరలేదో వైద్యుడే చెప్పుతాడు.

తలకు దెబ్బలేమీ తగలని విద్యార్థులకు కూడ ఈ భయం ఉండవచ్చునని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. కోలుకున్న తరువాత ఒకనాడు తరగతిలో 'మాగన్ను' అనే మాటకు అర్థం చెబుతూ, నా అనుభవం కొంత చెప్పినాను. గంట కొట్టిన తరువాత ఒక విద్యార్థి అందరూ పోయేదాకా ఆగి, నా బల్ల దగ్గరకు వచ్చినాడు.

"మాస్టారూ, నాకు కూడా నిద్రపోబోతుంటే ఎవరో పిలుస్తారండీ. మూడు నెలలుగా. మా నాన్నగారితో చెబితే పిచ్చి అంటారని చెప్పలేదండీ," అన్నాడు.

వానికి పరీక్షలు దగ్గరపడుతున్నవి. రాత్రి రెండు గంటల దాకా చదువు, నిద్ర ఆపటానికి మూడుసార్లు కాఫీ, చేతిలో సెల్‌ఫోను. పగలు ఎవరి మాటలూ లేనిచోట వినబడటం గాని, ఎవరో తనను తరుముతున్నారన్న అనుమానం గాని ఉన్నవా అని నాకు చేతనైనంతవరకు అడిగినాను. లేవన్నాడు. అయినా తీర్పు చెప్పటానికి నేను ఎవరిని? వాని తండ్రికి కబురు పంపి, ఇద్దరినీ వైద్యుని దగ్గరకు పంపినాను. పదిరోజుల తరువాత వాడు మళ్ళీ వచ్చి, "ఇప్పుడు పిలిస్తే పలకటం లేదండీ," అని నవ్వినాడు.

నాకు చెప్పిన చికిత్స కూడ పెద్దది కాదు. ఏ వేళకు నిద్రపట్టినా తెల్లవారి ఒకే వేళకు లేవాలి. సాయంకాలం కాఫీ మానాలి. పుచ్చుకున్న కాఫీలోని కెఫీనులో సగం సుమారు అయిదు గంటల తరువాత కూడ ఒంట్లో ఉంటుంది. సుమారు ఇరవై నిమిషాలలో నిద్రపట్టకపోతే మంచం దిగి, మందమైన వెలుతురులో ఏదైనా నెమ్మదైన పని చేసుకొని, నిద్ర వచ్చినప్పుడే మళ్ళీ పడుకోవాలి. మంచం చూడగానే నిద్ర జ్ఞాపకం రావాలిగాని భయం జ్ఞాపకం రాకూడదన్నది దీనిలోని సూత్రం. రిచర్డ్ బూట్జిన్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు 1972లో ఈ పద్ధతిని ప్రతిపాదించినాడు. గడియారం చూడరాదు. ఊపిరి నెమ్మదిగా, దీర్ఘంగా విడవాలి. నిద్రమాత్ర గాని మద్యం గాని సొంత వైద్యంగా పుచ్చుకోరాదు. దిగులు పగలును కూడ మ్రింగివేస్తూ ఉంటే మనోవైద్యుని దగ్గరకు పోవటానికి సిగ్గుపడరాదు. అన్నిటికంటె కష్టమైనది ఇంకొకటి: చప్పుడు వస్తే రానీయాలి. దానికోసం చెవి ఒగ్గరాదు, పారిపోరాదు.

మొదటి వారం నావల్ల కాలేదు. రెండవ వారంలో ఒకనాటి రాత్రి ఇనుపతలుపు మళ్ళీ ధడాలుమన్నది. గుండె అదరినది గాని, లేచి దీపం వెలిగించలేదు. ద్వారపాలకుడు తడబడినాడని నాలో నేను అనుకొని, ప్రక్కకు తిరిగి పడుకున్నాను. తెల్లవారి పాలవాడు గంట కొట్టేదాకా మెలకువ రాలేదు. ఆ తరువాత మూడు నాలుగు మాసాలలో చప్పుళ్ళు క్రమంగా తగ్గి, ఆగిపోయినవి. ఇప్పటికీ ఎప్పుడైనా పరీక్షపత్రాలు దిద్ది బాగా అలసిన రాత్రి కాలు ఝాడించుకుంటుంది. మా ఇంటావిడ "ఏమండీ?" అంటుంది. "ఏమీ లేదు, మాగన్ను," అంటాను. ఆమె మళ్ళీ నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ తరగతిలో కళ్ళక్రింద నల్లని చారలతో, పాఠం మధ్యలో తల వాల్చే విద్యార్థి ఎవరైనా ఉంటే, సుద్దముక్క విసిరే ముందు ఒకసారి ప్రక్కకు పిలిచి, రాత్రి నిద్ర ఎట్లా పడుతున్నదని అడగండి. తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని కూడ అడగండి. వాడు చెప్పటానికి మాట దొరకక తడుముకుంటే ఆ మాట మీరే అందించండి. తెలుగులో అటువంటి మాటలు చాలా ఉన్నవి.